మూడింటికి ఒక రెప్పపాటు

పుంతా అరేనాస్‌లో తలుపు తీయాలంటే చెయ్యి చాలదు, భుజం కావాలి.
గాలి రోజుల్లో వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు,
మనుషులు పట్టుకుని నడవడానికి.
ఆసుపత్రి నేలమాళిగలోకి మాత్రం ఆ గాలి రాదు.
ఫ్యాన్ల హోరు, చల్లారిన చేదు మాతే,
నోల్బెర్తో బాహమోందే వదిలివెళ్ళిన ఉన్ని స్వెట్టరు,
నేను.

పైన ఐదంతస్తులూ నిద్రపోవు.
ఎవరికో జ్వరం ముప్పై తొమ్మిది.
ఎవరికో రెండో సంచీ రక్తం ఎక్కుతోంది.
ఎవరో ఇప్పుడే పుట్టి, పేరింకా లేక,
ఒక అంకెగా నా డిస్కులోకి దిగారు.
ఇన్ని రాతల మధ్య నకలు తీయమంటారు,
కదిలే బిడ్డకు కాటుక దిద్దమన్నట్టు.

మొదట్లో దిద్దాను కూడా.
ఫైలు వెంట ఫైలు, గంటా నలభై నిమిషాలు.
మొదటి పేజీ ఒంటిగంటది,
చివరి పేజీ మూడింటికి కాస్త ముందుది.
ఏ ఘడియలోనూ ఆసుపత్రి అలా లేదు.
జూన్ చలిలో ఒక తెల్లవారుజామున డిస్కు పోతే
ఆ నకలే తెచ్చి పోశాం.

పద్నాలుగో మంచం దోన్యా ఎల్సీరా
మరణాల పట్టికలో ఉంది.
ఉదయం ఓట్స్ గంజి పట్టికలోనూ ఉంది,
పక్కన "చక్కెర వద్దు" అని.
వంటావిడ ట్రే తెచ్చేసరికి
కూతురు తల్లి చెప్పులు సంచీలో పెడుతోంది.
గంజిలోంచి లేస్తున్న ఆవిరిని చూసి
"అయితే, ఉందా?" అంది.

నోల్బెర్తో నన్ను తిట్టలేదు.
మర్నాటి రాత్రి కుర్చీ పక్కకు లాక్కుని చెప్పాడు:
"ముందు దాన్ని ఊపిరి బిగబట్టమను.
నోట్లో ఉన్నది మింగెయ్యమను, చేతిలో ఉన్నది రాసెయ్యమను.
కొత్తది ముట్టుకోవద్దను.
అప్పుడు స్నాప్‌షాట్ తియ్యి. వెంటనే వదిలెయ్.
బిగబట్టించి మరిచిపోయావా, చంపినట్టే."

రెండు సెకన్లు.
మూడో అంతస్తు నర్సు మీట నొక్కి
స్క్రీన్ ఒక గుటక ఆలస్యమైందనుకుంటుంది.
అదీ అనుకోదేమో.

నిజానికి అప్పటికి నకలు తీసిందేమీ లేదు.
డిస్కు దగ్గర ఒక మాట తీసుకున్నాం, అంతే:
ఇకమీదట ఎవరు దేన్ని చెరపబోయినా
పాతదాన్ని ముందు ఓ పక్కన దాచి
ఆ తర్వాతే కొత్తది రాయమని.
పైన ఆసుపత్రి నాలుగింటికీ ఐదింటికీ పోతూనే ఉంటుంది.
మూడింటి ఆసుపత్రి మూడింటి దగ్గరే కూర్చుని ఉంటుంది.
నేను తీరిగ్గా, రాళ్ళు ఏరినట్టు, దాన్ని ఎత్తుకుంటాను.

దాచే అర చిన్నది. అదొక్కటి మరవకూడదు.
ఫ్లూ ముదిరిన ఒక రాత్రి రాతలు వరదై
అర నిండి, స్నాప్‌షాట్ చచ్చిపోయింది,
కాపీ సగంలో ఉండగా.
అది ఉండేదీ ఆ డిస్కులోనే కదా:
ఇల్లు కాలితే గోడమీది పటమూ కాలుతుంది.
అందుకే ఎత్తుకున్నది వేరే పెట్టెలోకి,
పెట్టె పడవెక్కి జలసంధి దాటి పోర్వెనీర్‌కి.
గాలికి రేవు మూస్తే
నా బల్లకింద, నా కాళ్ళ దగ్గర.

శుక్రవారాలు పాత మెషీన్‌లో నకలు తెరిచి చూస్తాను.
ఎవరూ అడగరు. పద్నాలుగో మంచం చూస్తాను.
ఈ రాత్రి అక్కడ ఒక యుత్రోనిచ్, పీతల పడవవాడు,
జ్వరం ముప్పై ఎనిమిదిన్నర,
పొద్దున్నకి రొట్టె, గుడ్డు వద్దన్నాడు.
మరణాల పట్టికలో వెతికాను. లేడు.

ఇప్పుడు టైము ఐదుంబావు.
పైన అతను ఎలా ఉన్నాడో నాకు తెలీదు.
మూడింటికి మాత్రం
ఒక్కచోటే ఉన్నాడు.

స్నాప్‌షాట్ తీసేశాను.
స్వెట్టరు వేసుకుని మెట్లెక్కాను.